ఆరో గుంట ఖాళీ

సిద్దిపేటలో ఆ సంతాన కేంద్రం ఒక బట్టల దుకాణం పైన ఉంది. కింద పెళ్లి చీరలు కొనేవాళ్లు, పైన పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కానివాళ్లు. ఇద్దరికీ మెట్లు మాత్రం ఒకటే. ఆ మెట్లు రోజూ అందరికంటే ముందు ఎక్కేది సంగీత. ఆరేళ్లుగా అక్కడ ల్యాబ్ టెక్నీషియన్. చెప్పులు బయట విడిచి, నీలం గౌను తొడుక్కొని, జుట్టంతా టోపీలోకి దోపి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటే గానీ లోపలి గది తలుపు ముట్టుకోదు.

దీపావళి వెళ్లిన రెండో రోజు పొద్దున కూడా అట్లాగే వెళ్లింది. రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది కాబట్టి ముందుగా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్కో నంబరూ తెరిచి చూసుకుంటూ వచ్చింది. ఒకటి ఉంది. రెండు ఉంది. మూడు, నాలుగు, ఐదు ఉన్నాయి. ఆరు తెరిచింది.

ఆరో గుంట ఖాళీగా ఉంది.

ఎవరో కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. సంగీతకు పైప్రాణాలు పైనే పోయాయి. అందులో ఉండాల్సింది మిరుదొడ్డి హర్షిణి కడుపున పడాల్సిన పిండం.

ఆ యంత్రం సంగతి కొంచెం చెప్పుకోకపోతే ఈ భయం మనకు అర్థం కాదు. అదొక వెచ్చటి పెట్టె. లోపల చిన్న గాజుపలక లాంటి డిష్, అందులో వరుసగా ఆవగింజ కూడా పట్టనంత చిన్న గుంటలు, గుంటకొక పిండం. పైన కెమెరా ఉన్న మైక్రోస్కోప్. కెమెరా కదలదు. కింద డిష్‌ను మోసే పలక కదులుతుంది. దాన్ని స్టేజీ అంటారు. మోటారు తిప్పితే ఆ స్టేజీ ఒకటో గుంటను కెమెరా కిందికి తెస్తుంది, ఫొటో తీయించుకుంటుంది, రెండో గుంటకు జరుగుతుంది. అట్లా ఆరూ తిరిగి మళ్లీ మొదటికి వస్తుంది. పది నిమిషాలకొక తిరుగుడు, ఐదు రోజులు, రాత్రీ పగలూ. ఆ ఫొటోలన్నీ కలిపి చూస్తే పిండం పెరిగిన తీరంతా సినిమాలా కనబడుతుంది. కేంద్రంలో అందరూ దాన్ని సినిమా అనే అంటారు. మధ్యలో పెట్టె తెరిచే పని లేదు. పొదిగే కోడిని మాటిమాటికీ లేపితే గుడ్డు పిల్లవుతుందా?

కంప్యూటర్‌కు ఇంకో తెలివి కూడా ఉంది. కెమెరా కింద గుండ్రటి గుంట అంచు ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని పట్టుకొని, సరిగ్గా నడిమికి తెచ్చి, ఆ ముక్క వరకే కత్తిరించి దాచుకుంటుంది. చుట్టుపక్కలది పారేస్తుంది. చూడటానికి బాగుంటుంది. ఆ తెలివే ఈ రోజు కొంప ముంచింది.

సంగీత మొదట ఆలోచించింది యంత్రం గురించి కాదు. తాళాల గురించి. లోపలి గది తాళాలు రెండే, ఒకటి డాక్టర్ మైత్రి దగ్గర, ఒకటి తన దగ్గర. పిండం మాయమైతే అడిగేది ఎవరిని? ఊళ్లో ఏమనుకుంటారు? అమ్ముకుందంటారు. మార్చిందంటారు. పేపర్లో పేరు వస్తుంది, ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు బడికి ఎట్లా పోతుంది? ఇవన్నీ ఒక్క నిమిషంలోనే తలలో తిరిగాయి. ఆ తర్వాత హర్షిణి గుర్తొచ్చింది. అప్పుడు తన భయం తనకే సిగ్గనిపించింది.

హర్షిణికి ముప్పై నాలుగు. పెళ్లయి తొమ్మిదేళ్లు. హైదరాబాద్‌లో రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయి వచ్చింది. ఈసారి అండాలు తీసినప్పుడు డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, ఇంకోసారి తీద్దామన్నా దొరకవని. ఇదే ఆఖరు. ఈ రోజు పన్నెండు గంటలకు పిండాన్ని గర్భంలో పెట్టాలి. ఏది పెట్టాలో కూడా నిన్న సాయంత్రమే తేలిపోయింది. మైత్రి మేడం ఇంట్లో కూర్చొని ఫోన్లో సినిమాలు చూసి, "మూడోది" అన్నది. కంప్యూటర్ మొదటి వరుసలో నిలబెట్టిన రెండు మూడు తప్ప ఆరోదాని దాకా ఆమె పోలేదు. పండుగ పూట ఎవరు మాత్రం పోతారు?

అప్పటికే బయట వరండాలో హర్షిణి, మొగుడు శైలేందర్, అత్త అమృతమ్మ వచ్చి కూర్చున్నారు. అమృతమ్మ చేతిలో బండారి పొట్లం, కొమురవెల్లి మల్లన్న గుడి పసుపు. తలుపు సందులోంచి సంగీత మొహం కనబడగానే లేచి వచ్చింది.

"బిడ్డా, గీ బండారి జరంత ఆ మిషిను మీద చల్లుతవా? మల్లన్న పేరు మీద తెచ్చిన."

"వద్దవ్వా. పొడి లోపలికి రావద్దు. రవ్వంత పడ్డా మిషిను ఖరాబైతది. కోడలి నుదుట పెట్టు, చాలు."

ఇదే మాట ఆరేళ్లలో ఎన్ని వందలసార్లు చెప్పిందో. పొడి, పువ్వు, అగరొత్తి, ఏదీ లోపలికి రానిచ్చేది కాదు. ఆమె పట్టుదల చూసి కేంద్రంలో ఆయా కూడా "సంగీతక్క కన్నుగప్పి చీమ పోదు" అని నవ్వేది. ఆ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ లోపలికి వచ్చి డిష్‌ను బయటికి తీసింది. ఎట్లాగూ తొమ్మిదికి తీయాల్సిందే. పక్కనున్న పాత మైక్రోస్కోప్ కింద పెట్టి కళ్లు ఆనించింది. మోచేతులు బల్లకు అదిమిపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరో గుంటలో పిండం గుండ్రంగా, పొంగి, చక్కగా ఉంది.

ఉంది! ఎక్కడికీ పోలేదు! సంగీతకు నవ్వు వచ్చింది, దాని వెంటే ఏడుపు వచ్చింది. దొంగతనం లేదు, మార్పు లేదు, అంతా యంత్రం పిచ్చి అనుకుంది. ఆ సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు.

పిండం ఆరో గుంటలోనే ఉంటే, కెమెరా ఆరోది అని చెప్పి చూపించిన ఖాళీ గుంట ఏది? ఆరు తర్వాతిది. డిష్‌లో ఇంకా రెండు గుంటలు ఖాళీగా ఉన్నాయి. అంటే స్టేజీ ఒక గుంట మేర పక్కకు జరిగింది. ఆరు అన్నచోట ఏడు కనబడితే, ఐదు అన్నచోట ఆరు కనబడుతుంది. మరి మూడు అని మేడం మెచ్చుకున్న సినిమా ఎవరిది?

మూడు, నాలుగు పిండాలను మైక్రోస్కోప్ కింద మార్చి మార్చి చూసింది. కవల పిల్లల్లా ఉన్నాయి. కంటికి తేడా లేదు. తేడా అంతా సినిమాలోనే ఉంది. మూడు అన్న సినిమా మొదటినుంచి చివరిదాకా పద్ధతిగా నడిచింది. రెండు అన్న సినిమాలో మాత్రం మూడో రోజు ఒక చెడ్డ పని జరిగింది, విడిపోయిన కణాలు మళ్లీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అట్లాంటిది పైకి ఎంత అందంగా కనబడినా కడుపులో నిలవడం కష్టమని మేడం ఎప్పుడూ అంటుంది. ఆ రెండో సినిమా నిజానికి మూడో గుంటదైతే? చెడిపోయినదాన్నే ఏరి కోరి పెడుతున్నట్టు.

గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది. సంగీత డిష్‌ను పాత ఇంక్యుబేటర్‌లో భద్రంగా పెట్టి మేడంకు ఫోన్ చేసింది.

సంగీత ఎవరో రెండు ముక్కలు చెప్పాలి. సాలెవాడలో పుట్టింది. తండ్రి మల్లేశం గొల్లభామ చీరలు నేసేవాడు. అంచున తల మీద కుండ పెట్టుకొని నడిచే గొల్లభామ బొమ్మ రావాలంటే పోగు పోగూ లెక్క. ఒక్క పోగు పక్కకు పోతే భామ ముక్కు వంకర, రెండు పోతే కుండ నేల మీద. ఏడేళ్ల పిల్లప్పుడు సంగీత మగ్గం కింద దూరి, తెగిన పోగును చూడకుండా వేలితో తడిమి పట్టుకునేది. "దీని వేళ్లకు కండ్లున్నయి" అని మల్లేశం మురిసిపోయేవాడు. మగ్గానికి పంపలేదు, ల్యాబ్ కోర్సు చదివించాడు. వేళ్లకు ఉన్న కళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పెద్ద ఊళ్లలో పిండాల పనికి వేరే నిపుణులుంటారు. ఇక్కడ ఎంచడం, పెట్టడం మేడం పని, మిగిలినదంతా సంగీత పని.

మేడం తొమ్మిదికల్లా వచ్చింది. డాక్టర్ మైత్రి కోపంలో గట్టిగా అరవదు, గొంతు తగ్గిస్తుంది. ఆ రోజు మరీ తగ్గించింది.

"ఎప్పటిసంది జరిగింది?"

"ఆరో సినిమా వెనక్కి తిప్పి చూసిన మేడం. రెండు వందల ఎనభై మూడో తిరుగుడు దాకా పిండం ఉన్నది. ఆడికెళ్లి ఖాళీ."

"అంటే ఆదివారం మధ్యాహ్నం." మేడం వేళ్లతో లెక్కపెట్టుకుంది. "కణాలు కలిసిపోయింది దాని తర్వాతనే కదా."

"అవును మేడం."

"కానీ ఆరోది చివరిది. స్టేజీ చివరిదాకా పోలేక ఒక్క అదే తప్పిందేమో. మూడు, నాలుగు సరిగానే ఉన్నయేమో. అట్లయితే నేను మూడోది అన్నదే రైటు. అన్నీ జరిగినయంటే నాలుగోది రైటు." మేడం తలెత్తి చూసింది. "రెండూ పెట్టలేను సంగీతా. ఆమె గర్భసంచి ఒక్కదాన్నే మోస్తది. ఊహ మీద పెట్టను. నాకు పన్నెండు లోపల లెక్క కావాలె."

లెక్క ఎట్లా తీయాలో సంగీతే ఆలోచించింది. ఒక కొత్త డిష్ తీసుకొని, మూడో గుంట అడుగున సన్నటి సూదితో చిన్న అడ్డగీత, నిలువుగీత గీసింది. పిండమైతే కదులుతుంది, పెరుగుతుంది. గీత కదలదు. ఫొటోలో గీత జరిగిందంటే జరిగింది గీత కాదు, స్టేజీ. కంప్యూటర్‌లో నడిమికి తెచ్చే తెలివిని ఆపేసింది. పది నిమిషాలకొక తిరుగుడు అంటే రేపటిదాకా కూర్చోవాలి కాబట్టి నిమిషానికొకటి పెట్టింది. ఆరు గుంటలూ తిరిగి రావాలి, మూడో గుంట దగ్గర గీతను ఫొటో తీయాలి.

కొత్త డిష్ పెట్టిన ప్రతిసారీ స్టేజీ మొదటి చోటికి వచ్చి మొదలవుతుంది కాబట్టి మొదటి ఫొటోలో గీత సరిగ్గా నడుమ ఉంది. రెండో దాంట్లో కూడా ఉన్నట్టే ఉంది. ఐదో తిరుగుడుకు కంప్యూటర్ మీద కొలిచింది. నాలుగు మైక్రాన్లు ఎడమకు. వెంట్రుక మందం డెబ్బై ఎనభై మైక్రాన్లుంటుంది, నాలుగంటే ఏమీ కాదు. కానీ పదో తిరుగుడుకు ఎనిమిది. ఇరవయ్యోదానికి పదహారు. ఒక్కసారైనా కుడికి పోలేదు, ఒక్కసారైనా ఆగలేదు. తప్పు చేసేవాడికి కూడా ఒక్కోసారి చేయి వణుకుతుంది, ఈ యంత్రానికి అదీ లేదు. ముప్పయ్యో తిరుగుడుకు ఇరవై నాలుగు. సంగీత చూస్తుండగానే గీత చీమలా, అతి శాంతంగా, నడిచిపోతోంది.

కాగితం తీసుకుంది. గుంటకూ గుంటకూ నడుమ దూరం నాలుగు వందల యాభై. అందులో సగం దాటితే కంప్యూటర్ దగ్గరి అంచు అనుకొని పక్క గుంటను పట్టుకుంటుంది. సగం అంటే రెండు వందల ఇరవై ఐదు. ముప్పై తిరుగుళ్లకు ఇరవై నాలుగు చొప్పున, ఎన్ని తిరుగుళ్లకు రెండు వందల ఇరవై ఐదు?

రెండు వందల ఎనభై ఒకటి.

ఆరో గుంట ఖాళీ అయింది రెండు వందల ఎనభై మూడు దగ్గర. సంగీత మూడో గుంట దగ్గర కొలిచిన నడక, ఆరో గుంట చెప్పిన సమయం ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి. అన్నీ కలిసే జరిగాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూడు అన్న సినిమా నాలుగో గుంటది. కణాలు కలిసిపోయింది మూడో గుంటలో.

కాగితం మేడం చేతిలో పెట్టింది. మేడం రెండుసార్లు లెక్క సరిచూసింది. తర్వాత "నాలుగోది" అన్నది. పన్నెండున్నరకు నాలుగో పిండాన్ని హర్షిణి గర్భంలో పెట్టారు. బయటికి వచ్చి శైలేందర్‌కు, అమృతమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పింది కూడా మేడమే. అమృతమ్మకు సగమే అర్థమైంది గానీ, సంగీత రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది.

కథ ఇక్కడ ఆగి ఉంటే సంగీత ఆ రాత్రి హాయిగా పడుకునేది.

యంత్రం అమర్చిన ఇంజినీర్ భానుప్రకాశ్‌కు మేడం హైదరాబాద్ ఫోన్ చేసింది. అతను పక్క మూత విప్పి, టార్చి వేసి, స్టేజీని నడిపే మర చూడమన్నాడు. మేడం వేరే పేషెంటు దగ్గరికి పోయింది. సంగీత ఒక్కతే మోకాళ్ల మీద కూర్చొని, మూత విప్పి, టార్చి వేసింది.

మర పళ్ల నడుమ పసుపు రంగు పోగు చుట్టుకొని ఉంది.

ఆమెకు చూడటంతోనే తెలిసిపోయింది. అయినా పట్టకారుతో పట్టి లాగింది. జానెడు దారం వచ్చింది, నూనె తాగి, నలిగి, పీచుపీచై. అది ఎక్కడిదో ఎవరినీ అడగనక్కర్లేదు. కట్టింది ఆమే.

సాలెవాడలో దసరా నాడు మగ్గానికి పసుపు దారం కట్టనిది పండుగ కాదు. బొట్టు పెడతారు, జమ్మి ఆకు పెడతారు, దారం కడతారు. మల్లేశం మగ్గం అమ్మేసి పన్నెండేళ్లయినా, ఇప్పటికీ ప్రతి దసరాకు కూతురికి దారం పేని ఇస్తాడు. "మనకు బువ్వ వెట్టేదానికి కట్టు బిడ్డా. కట్టకుంటే అది మనది గాదు." సంగీతకు బువ్వ పెట్టేది ఈ యంత్రం. కుంకుమ రాలుతుంది, పసుపు రాలుతుంది, పొడి పనికిరాదని ఆమెకు అందరికంటే బాగా తెలుసు. అందుకే చాలా ఆలోచించి, బొట్టు పెట్టలేదు, ఆకు పెట్టలేదు. దారమే కదా, ఏం చేస్తుంది అనుకుంది. స్టేజీ పక్కన చేతితో తిప్పే చిన్న బిరడాకు మూడు చుట్లు చుట్టి ముడి వేసి దండం పెట్టుకుంది. వారం తర్వాత అది కనబడకపోతే ఆయా ఊడ్చేసిందనుకుంది.

దారం కొస ఎక్కడ ఆసరా దొరికితే అక్కడికి పోతుందని సాలోళ్ల బిడ్డకు ఎవరు చెప్పాలి? మగ్గం కింద దూరిన వేళ్లు అవి. పొడులన్నీ ఆపిన మనిషి దారాన్ని ఆపలేకపోయింది, ఎందుకంటే దారం ఆమెకు పరాయిది కాదు.

మళ్లీ గీత ఉన్న డిష్ పెట్టి ముప్పై తిరుగుళ్లు తిప్పింది. గీత ఉన్నచోటు నుంచి కదలలేదు. ఒక్క మైక్రాన్ కూడా! దాన్ని చూస్తూ సంగీత ఇంతకుముందు ఎప్పుడూ పడనంత భయపడింది. యంత్రం తప్పు అయితే యంత్రాన్ని తిట్టొచ్చు.

తలుపు చప్పుడైంది. సంగీత దారాన్ని పిడికిట్లో మూసి గౌను జేబులో వేసుకుంది. అట్లా ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. చేయి దానంతట అదే పోయింది.

"భానుప్రకాశ్ సార్ అంటుండు, మోటారు అరిగిందంట. ఈ వారంలోనే మొదలై ఉంటదంట. వచ్చి మారుస్తడట." మేడం చాలా నెలల తర్వాత సంగీత భుజం మీద చేయి వేసింది. "నువ్వు లేకుంటే ఇయ్యాల పెద్ద పాపం జరిగిపోయేది. ఇంత నెమ్మదిగ, ఇంత పద్ధతిగ కొలుస్తవని నేను అనుకోలే."

సంగీత తేలు కుట్టిన దొంగలా నిలబడింది. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికి లేదు. జేబులో దారం కాలుతున్నట్టే ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది, అని మనసు బేరం పెట్టింది. హర్షిణికి సరైనదే పెట్టారు. మోటారు ఎట్లాగూ మారుస్తారు. ఎవరికీ నష్టం లేదు. ఆ బేరం దాదాపు కుదిరింది.

నాలుగు గంటలకు స్వరూప వచ్చింది.

స్వరూపది జగదేవ్‌పూర్. దసరా అయిన మూడో రోజే ఆమె పిండాలను ఈ యంత్రంలో పెట్టారు. రెండో నంబరును ఎంచి గర్భంలో పెట్టి రెండు వారాలైంది. పొద్దున రక్తపరీక్ష చేస్తే నిలవలేదని వచ్చింది. మొగుడు పత్తి అమ్మకానికి పోయాడు, ఆమె ఒక్కతే వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. ఆమెకు ఓదార్పు చెప్పడం, ఒక కాగితం మీద సంతకం తీసుకోవడం సంగీత పని. దాచి ఉంచిన మూడో నంబరు పిండాన్ని తీసేయడానికి ఒప్పుకుంటున్నానని ఆ కాగితం.

"బాధపడకు స్వరూపా. మన చేతుల ఏమున్నది? దేవుడు ఇయ్యలే." నోటి అలవాటు కొద్దీ మాట వచ్చేసింది.

"గా మూడోది పెట్టి చూస్తే కాదా అక్కా? నేనే గద అప్పుడు బతిమాలి దాపించిన."

"అది దమ్మున్నది కాదని మేడం అన్నది. నాలుగో రోజంతా కదలకుండ పడి..."

సంగీత అక్కడ ఆగిపోయింది.

నాలుగో రోజంతా కదలకుండా పడి ఉన్నది, ఐదో రోజు పొద్దున చేత్తో తీసి చూస్తే పొంగి చక్కగా ఉంది. అప్పుడు మేడం, తాను ఇద్దరూ ఆశ్చర్యపోయారు. సోమరి పిండం, ఆఖరున మేల్కొందిలే, అయినా నమ్మలేం అని రెండో రకం కింద రాశారు. స్వరూపవి మొత్తం నాలుగు. నాలుగోది రెండో రోజే చచ్చిపోతే దాని ఫొటోలు ఆపేశారు.

సంగీత కంప్యూటర్ దగ్గరికి లేచి వెళ్లింది. చచ్చిపోయిన నాలుగోదాని ఆఖరి ఫొటో తెరిచింది. ఒక పక్క నల్లటి మచ్చ, కింద విరిగిన మూడు ముక్కలు. దాని పక్కన మూడో నంబరు నాలుగో రోజు ఫొటో పెట్టింది. ఒక పక్క నల్లటి మచ్చ, కింద విరిగిన మూడు ముక్కలు.

అది సోమరి పిండం కాదు. కెమెరా చూసింది చచ్చిన నాలుగోదాన్ని. అప్పుడే మరలోకి దూరిన దారం ఒక రోజు ఆలస్యంగా అయినా అదే పని చేసింది. రెండు అని మెచ్చుకొని పెట్టింది రెండోదాన్ని, మెచ్చుకున్న సినిమా మాత్రం మూడోదానిది. ఆ మంచి పిండం ఇప్పుడు ద్రవ నత్రజని క్యానులో గడ్డకట్టి ఉంది. స్వరూప సంతకం పెడితే సాయంత్రానికి చెత్తలో ఉంటుంది. ఈ సంగతి భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. మోటారు ఈ వారమే చెడిందని అందరూ నమ్ముతున్నంత కాలం ఎవరూ దసరా దాకా వెనక్కి పోరు. పోవాలంటే దారం చూపించాలి.

ఉద్యోగం పోతుంది. పోలీసులు కూడా రావచ్చు. తండ్రికి ఏమని చెప్పాలి, నువ్వు పేనిన దారమే అనా? సంగీతకు ఎంత భయమేసిందంటే, గోడకు ఆనుకొని కొన్ని క్షణాలు నిజంగానే మాట్లాడకుండా ఉండిపోదామనుకుంది. అంత మంచి మనిషి అట్లా అనుకుంటుందా అంటే, అనుకుంది. చెప్పేవాళ్లం దాచకూడదు.

బల్ల దగ్గర స్వరూప కాగితం దగ్గరికి లాక్కుంది. "ఏడ పెట్టాలె అక్కా, గీడనా?"

"పెట్టకు." సంగీత గొంతు తనకే కొత్తగా వినబడింది. "పెన్ను కింద పెట్టు. నేను వచ్చేదాక సంతకం పెట్టకు."

మేడం గదిలోకి పోయి, జేబులోంచి దారం తీసి, బల్ల మీద పొద్దుటి లెక్క కాగితం పక్కనే పెట్టింది.

"ఏందిది?"

"దసరా నాడు నేనే కట్టిన మేడం. మరలకెళ్లి దొరికింది. మోటారు మంచిగనే ఉన్నది." తర్వాత ఆగకుండా అంతా చెప్పింది, రెండు ఫొటోల దాకా. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

మేడం దారాన్ని ముట్టుకోలేదు. "దొరికినప్పుడే ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"దసరా నుంచి ఇంకెందరు?"

"ఇద్దరే మేడం. పొద్దటామె, బయట కూసున్నామె."

మేడం గొంతు మరీ తగ్గిపోయింది. "నీ నౌకరి సంగతి తర్వాత మాట్లాడుతం. నేను వస్తున్న, కానీ ఆమెకు నువ్వే చెప్పాలె. నా నోటితో కాదు."

సంగీత వచ్చి స్వరూప పక్కన కుర్చీలో కాదు, ఎదురుగా నిలబడి చెప్పింది. దారం సంగతి, జరుగుడు సంగతి, ఏది పెట్టారు, ఏది మిగిలింది. కొంచెం సేపటి కింద దేవుడి మీదికి నెట్టిన మాట కూడా వెనక్కి తీసుకుంది. వెనకాల మేడం తలుపు దగ్గర నిలబడి ఉంది. స్వరూప ఏడవలేదు. ఇందాక తన కన్నీళ్లు తుడిచిన సంగీత చేతిని కాసేపు చూసింది.

"గది బతికే ఉన్నదా?"

"ఉన్నది."

"మంచిదే?"

"మంచిదే. నిలుస్తదని మాటియ్యలేను. కానీ మంచిదే."

స్వరూప కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. ఇంకెవరి చేతికీ ఇచ్చేట్టు లేదు. లేచి నిలబడింది.

"నీ మీద కోపం నాకు రేపొస్తది అక్కా. బాగ వస్తది. ఇయ్యాల ముందు నాకు దాన్ని చూపియ్యి."

చివరి గదిలో క్యాను ఉంది. మూత తీయకూడదు, తీసినా పొగ తప్ప ఏమీ కనబడదు. సంగీత వేలితో పైనున్న చీటీ చూపించింది. స్వరూప పేరు, ఊరు, నంబరు మూడు. స్వరూప అరచేయి క్యాను మీద ఆనించబోయి, ఆగి, సంగీత వైపు చూసింది.

"ముట్టుకోవచ్చా? ఏం కాదు గద?"

ఆ క్యానును ముట్టుకుంటే ఏమీ కాదని సంగీతకు ఆరేళ్లుగా తెలుసు. అయినా వంగి, మూత చుట్టూ, పిడి చుట్టూ, అడుగున చక్రాల దాకా వేలితో తడిమి చూసింది. ఎక్కడా ఏమీ లేదు.

"ముట్టుకో" అన్నది.